ప్రేక్షకుడికి ఎక్కనిది ముగింపా, పిలుపా?

"బి, సి సెంటర్లలో ఎక్కదండీ." ఫిల్మ్‌నగర్‌లోనూ కృష్ణానగర్‌లోనూ కథలు వినే ఏ ఆఫీసులోనైనా ఈ మాట వినపడుతుంది. హీరో చేసింది తప్పో ఒప్పో చెప్పకుండా కథ ఆపేస్తే, చూసింది నిజమో భ్రమో ప్రేక్షకుడే తేల్చుకోవాలంటే, ముందు వచ్చే అభ్యంతరం ఇదే. మల్టీప్లెక్స్ జనానికి పర్వాలేదు గానీ చిన్న పట్టణాల్లో, పల్లెటూళ్లలో ఉండే మాస్‌కి అర్థం కాదన్నది దాని భావం. ఈ మాట ఎంత అలవాటైపోయిందంటే, నిజమా కాదా అని ఆగి చూసేవాళ్లు లేరు. తెలుగు సినిమా చరిత్రలోనే దీనికి ఎదురు సాక్ష్యాలు బోలెడు ఉన్నాయి. తేల్చకుండా వదిలేసిన కథలు దెబ్బతిన్న మాట నిజం. కానీ చాలాసార్లు అక్కడ తప్పింది ప్రేక్షకుడి బుర్ర కాదు, అతన్ని హాలుకు రప్పించిన పద్ధతి, అంటే పిలుపు.

అసలు సెంటర్ అన్న మాట ఎక్కడిది? పంపిణీ వ్యాపారంలోది. తెలుగు మార్కెట్‌ను నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలుగా విడగొట్టి హక్కులు అమ్ముతారు. 1948లో నిజాం పాలన పోయింది, 1956లో ఒక రాష్ట్రం వచ్చింది, 2014లో ఇంకోటి వచ్చింది, ట్రేడ్ భాషలో మాత్రం తెలంగాణ ఇప్పటికీ నైజామే. ఏరియా లోపల మళ్లీ ఎ, బి, సి సెంటర్లు. రీళ్ల కాలంలో ప్రింట్ వేయించడం ఖరీదైన పని. అందుకని ఉన్న కొద్ది ప్రింట్లను ముందు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల ఆడించి, వారాలు గడిచాక అవే ప్రింట్లను చిన్న పట్టణాలకు, ఆ తర్వాత పల్లెటూరి టాకీసులకు పంపేవాళ్లు. రీలు ఏ ఊరికి ఎప్పుడు చేరుతుంది, అక్కడ ఎంత వసూలవుతుంది అన్న లెక్క అది. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక అన్ని ఊళ్లకూ సినిమా ఒకే రోజు వెళుతోంది. ఆ వర్గీకరణకు ఉన్న అసలు కారణం పోయింది. పేరు మాత్రం మిగిలి, వసూళ్ల కొలత కాస్తా తెలివి కొలతగా మారిపోయింది. ఇది తెలుగు సినిమాకి జరిగిన పెద్ద నష్టాల్లో ఒకటి. దాని వల్ల ఎన్ని కథలు కాగితం మీదే ఆగిపోయాయో ఎవరూ లెక్క కట్టలేరు.

సి సెంటర్ ప్రేక్షకుడు తేలని కథను భరించలేడని అనేవాళ్లు 1977 జనవరి 14ను గుర్తు చేసుకోవాలి. ఆ సంక్రాంతికి దానవీరశూరకర్ణ విడుదలైంది. నిడివి నాలుగు గంటలకు దగ్గర. ఎన్.టి. రామారావు దర్శకత్వం వహిస్తూ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, మూడు పాత్రలూ తనే వేశారు. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల్లో దుర్యోధనుడు తన వాదన తాను గట్టిగా వినిపిస్తాడు. కులం పేరుతో కర్ణుడిని అవమానించిన సభను నిలదీస్తాడు. అతనికి భార్యతో ఒక యుగళగీతం కూడా ఉంది. చిన్నప్పటి నుంచి దుర్మార్గుడని విన్నవాడి వైపు మనసు లాగుతుంటే, ఎదురుగా అదే నటుడు దేవుడి వేషంలో నవ్వుతుంటాడు. ఎవరిది న్యాయం? సినిమా ఒక్క జవాబు ఇవ్వదు. ఆ డైలాగులను కంఠతా పట్టి తిరనాళ్లలో, పెళ్లి పందిళ్లలో అప్పజెప్పింది పల్లెటూరి జనమే. నైతికంగా ఎటూ తేలని పాత్రను తలకెత్తుకోవడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. హరికథలోనూ వీధి నాటకంలోనూ కర్ణుడి గురించి, వాలి వధ గురించి, సీత అగ్నిప్రవేశం గురించి వాదించుకుంటూ పెరిగిన సమాజం ఇది.

అందుకని తేలకపోవడం అంటే ఏమిటో కొంచెం విడదీసి చూడాలి. దాచిపెట్టడం వేరు, వదిలేయడం వేరు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్నది దాచిపెట్టిన ప్రశ్న. 2015 జూలై 10న మొదటి భాగం ఆ ప్రశ్న దగ్గర ఆగింది, జవాబు 2017 ఏప్రిల్ 28న రెండో భాగంలో వచ్చింది. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైన దేశమంతా దాన్నే పట్టుకుని తిరిగింది. జవాబు ఉందని, అది దర్శకుడి దగ్గరే ఉందని అందరికీ తెలుసు. కాబట్టి అందులో కుతూహలమే తప్ప అయోమయం లేదు. వదిలేసిన ప్రశ్నకు అలాంటి హామీ ఉండదు. దానిలోనూ రకాలున్నాయి. ఏం జరిగిందో చెప్పకపోవడం ఒకటి, ఎందుకు జరిగిందో చెప్పకపోవడం ఇంకొకటి, జరిగింది మంచో చెడో చెప్పకపోవడం వేరొకటి. తెలుగు ప్రేక్షకుడికి చివరిది బాగా అలవాటు. రెండోదీ పర్వాలేదు. మొదటి రకంతోనే ఇబ్బంది, ఆ ఇబ్బందికి కారణాలు చాలావరకు సినిమా చూసే పరిస్థితుల్లో ఉన్నాయి.

రెండో రకానికి మంచి ఉదాహరణ 2023 మార్చిలో వచ్చిన బలగం. వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ సినిమాలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఆయనకు తీరని కోరిక ఏమిటని ఇంట్లోవాళ్లు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు. విడిపోయిన కుటుంబం కలిశాకే కాకి వస్తుంది. కలిశారు కాబట్టి వచ్చిందా, రావాల్సిన వేళకు వచ్చిందా? నమ్మకం ఉన్నవాళ్లకు అది కొమురయ్య ఆత్మ. లేనివాళ్లకు అది ఒక పక్షి, దాని చుట్టూ మనుషులు తమ బరువులు దించుకున్నారు, అంతే. సినిమా ఈ రెండు చూపులకూ చోటిచ్చింది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, జనం కింద కూర్చుని దీన్ని చూశారు. కాకి సంగతి వివరించి చెప్పమని ఎవరూ అడగలేదు. వ్యాపార లెక్కలో వాళ్లంతా సి సెంటర్ కిందికే వస్తారు.

ఒకే మాటకు వినేవాడిని బట్టి అర్థాలు మారతాయన్నది మన అలంకారశాస్త్రం వెయ్యేళ్ల నాడే చెప్పింది. పదకొండో శతాబ్దానికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక చిన్న వాక్యం తీసుకున్నాడు: "సూర్యుడు అస్తమించాడు." మాటగా చూస్తే దాని అర్థం ఒక్కటే. సేనాపతికి మాత్రం అది శత్రువు మీద పడే అదను. ప్రియుడి దగ్గరకు వెళ్లాల్సిన అమ్మాయికి బయలుదేరే వేళ. పనివాళ్లకు పని ఆపే సమయం, పశువుల కాపరికి ఆవులను ఇంటికి తోలే సమయం, అంగడివాడికి సరుకు సర్దుకునే సమయం, నిష్ఠ కలవాడికి సంధ్య వార్చే సమయం. ఎవరు చెప్పారు, ఎవరితో చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు అన్నవే ఆ లోపలి అర్థాన్ని తేలుస్తాయి. 1973లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో సంస్కృతి అధ్యయన పండితుడు స్టువర్ట్ హాల్ టీవీ గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం వేరే దారిలో దీనికి దగ్గరి చోటుకే వచ్చింది. పంపినవాడు అనుకున్న అర్థాన్నే చూసేవాడు తీసుకోవచ్చు, కొంత తీసుకుని కొంత వదిలేయవచ్చు, పూర్తిగా ఎదురు తిరిగీ చదవవచ్చు అన్నాడు హాల్. మమ్మటుడి చూపులో ఇంకో ఉపయోగం ఉంది. అర్థం సందర్భాన్ని బట్టి తేలితే, ఆ సందర్భాన్ని తయారు చేసేవాడే సగం అర్థాన్ని తయారు చేస్తున్నట్టు. ఈ కాలంలో ఆ పని సినిమా పబ్లిసిటీ చేస్తోంది.

హైదరాబాద్‌లో ఒక కుటుంబం సినిమాకు బయలుదేరే లోపు దాని గురించి ఎన్ని మాటలు చెవిన పడతాయో చూడండి. టైటిల్, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, రెండు మూడు లిరికల్ వీడియోలు, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్, ఆ ఈవెంట్‌లో హీరో అన్న ఒక మాట. ప్రతిదీ ఎవరినో ఒకరిని ఉద్దేశించిందే. మాస్ పాట ఫ్యాన్స్‌కి, మెలోడీ కాలేజీ పిల్లలకి, కన్నీళ్ల షాట్ "ఫ్యామిలీ ఆడియన్స్" కోసం. సెన్సార్ సర్టిఫికెట్ కూడా ఒక పిలుపే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడగొట్టారు. ఇక టికెట్ ధర. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం మల్టీప్లెక్సులకు 250 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 295. పెద్ద సినిమాలకు ప్రత్యేక జీవోలతో పెంచుకునేది దీనికి అదనం. నలుగురున్న ఇంటికి టికెట్లకే 1,180 రూపాయలు. ఆన్‌లైన్ బుకింగ్ చార్జీ, పార్కింగ్, పాప్‌కార్న్ లెక్కలోకి తీసుకుంటే రెండు వేలు దాటుతుంది. అంత పెట్టేవాళ్లు ఏం చూడబోతున్నారో ముందే తెలుసుకోవాలనుకోవడంలో తప్పేముంది? ధర పెరిగేకొద్దీ ఆశ్చర్యపడే ఓపిక తగ్గుతుంది. తేలని ముగింపు మల్టీప్లెక్స్ సినిమాకే తగినదన్న వాదన ఇక్కడే తిరగబడుతోంది. ఈ ధరల వల్ల రిస్క్ తీసుకోలేనివాడు మల్టీప్లెక్స్ ప్రేక్షకుడే అయ్యాడు.

గురి పెట్టే పద్ధతి కూడా మారిపోయింది. గోడ మీద పోస్టర్ అందరికీ ఒకటే కనిపిస్తుంది. 2017 ఆగస్టులో అర్జున్ రెడ్డి ముద్దు పోస్టర్ సిటీ బస్సుల మీద తిరిగింది. సినిమాకి వచ్చింది పెద్దలకు మాత్రమే అనే ఎ సర్టిఫికెట్, పిలుస్తున్నది యువతను. బస్సు మాత్రం గుడి ముందు నుంచీ బడి ముందు నుంచీ వెళుతుంది. కాంగ్రెస్ సీనియర్ నాయకుడు వి. హనుమంతరావు ఆ పోస్టర్‌ను చించేయడం వార్త అయింది. ఆ సినిమా చుట్టూ తర్వాత నడిచిన గొడవంతా అర్థాల గొడవే. ఒకరికి అందులో నిజాయితీ గల ప్రేమ కనపడింది, ఇంకొకరికి అమ్మాయి అనుమతి అడగని మగవాడి దౌర్జన్యం కనపడింది. నిజానికి ఆ వాదన జరగడం మంచిదే. ఒకే పోస్టర్ అందరి కంటా పడింది కాబట్టే అందరూ మాట్లాడారు.

ఫోన్‌లో అలా ఉండదు. నెట్‌ఫ్లిక్స్ 2017 డిసెంబరులో తన సాంకేతిక బృందం రాతలోనే ఈ సంగతి వివరించింది. ప్రేమకథలు ఎక్కువగా చూసేవాళ్లకు గుడ్ విల్ హంటింగ్ సినిమా బొమ్మగా నాయికా నాయకులు దగ్గరగా ఉన్న దృశ్యం చూపిస్తారు, కామెడీ ఇష్టపడేవాళ్లకు అదే సినిమాకి హాస్యనటుడిగా పేరున్న రాబిన్ విలియమ్స్ ముఖం చూపిస్తారు. సినిమా ఒకటే, గుమ్మాలు వేరు. ప్రేమకథ అనుకుని లోపలికి వచ్చినవాళ్లు ప్రేమ సన్నివేశాల దగ్గర ఆగుతారు, మిగతాది వాళ్లకు నెమ్మదిగా సాగినట్టుంటుంది. వ్యాఖ్యానం ఇక్కడే మొదలైపోతోంది, తెర వెలగక ముందే. ఇందులో దిగులు పడాల్సిన విషయం ఒకటుంది. ఇంట్లో నలుగురికీ నాలుగు బొమ్మలు చూపిస్తే, చూశాక కూర్చుని మాట్లాడుకోవడానికి అందరికీ ఉమ్మడిగా ఉన్న మొదటి ఆధారమే పోతుంది.

ఇక హాలు సంగతి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవిలోనో సుదర్శన్‌లోనో స్టార్ సినిమా మొదటి రోజు ఆట చూసినవాళ్లకు తెలుసు. హీరో ఎంట్రీకి కాగితాలు తెర ముందు పొగమంచులా లేస్తాయి. ఈలల్లో రెండు మూడు నిమిషాల పాటు మాట వినపడదు. దర్శకులకూ ఇది తెలుసు. అందుకే ఆ చోట స్లో మోషన్ నడక, కాలు, కళ్లద్దాలు పెడతారే తప్ప కథకు కావాల్సిన సమాచారం పెట్టరు. పంచ్ డైలాగ్ తర్వాత చప్పట్ల కోసం కాస్త ఖాళీ వదులుతారు. ఎడిటింగ్ టేబుల్ మీదే జనానికి చోటు కేటాయించే ఈ పద్ధతి చులకన చేయాల్సింది కాదు, దానికీ నేర్పు కావాలి. కానీ అలాంటి హాల్లో, ఫ్రేము మూల ఆగిపోయిన గడియారంలోనో, వెనక గదిలో వినపడే ఒక్క మాటలోనో ముడి దాచితే అది జనానికి చేరదు. "అర్థం కాలేదు" అని బయటికొచ్చి అన్నవాళ్లలో చాలామందికి నిజానికి వినపడలేదు.

అదే హాల్లో ఇంటర్వెల్ అనే అద్భుతమైన ఏర్పాటు కూడా ఉంది. హాలీవుడ్ సినిమా ఏకబిగిన నడుస్తుంది. మన సినిమా మధ్యలో ఆగుతుంది, అదీ పెద్ద ప్రశ్న దగ్గరే ఆగుతుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ పడగానే లైట్లు వెలుగుతాయి, సమోసా కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ముక్కూ మొహం తెలియని ఇద్దరు "వాడు చచ్చిపోలేదంటాను" అని పందెం వేసుకుంటారు. పావుగంట సేపు తేలని కథతో బతకడం తెలుగు ప్రేక్షకుడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఊహించడం, వాదించడం, సెకండాఫ్‌లో తన ఊహ తప్పయితే ఒప్పుకోవడం, ఇవన్నీ అతను చేస్తూనే ఉన్నాడు. ఆ పావుగంటను సినిమా అయిపోయాక కూడా సాగదీయమనడమే తేలని ముగింపు చేసే పని. మరీ పరాయిదేమీ కాదు.

అయితే సాగనివ్వని ఏర్పాట్లు కొన్ని బయట కాచుకుని ఉన్నాయి. శుక్రవారం పొద్దున మల్టీప్లెక్స్ దగ్గర మొదటి ఆట వదిలే వేళ చూడండి. రకరకాల యూట్యూబ్ చానళ్ల లోగోలున్న మైకులు మెట్ల దగ్గరే కాచుకుని ఉంటాయి. కళ్లు ఇంకా వెలుతురుకు అలవాటు పడక ముందే ప్రశ్న వచ్చి పడుతుంది: ఎలా ఉంది, ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్ ఎలా ఉంది, రేటింగ్ ఎంత ఇస్తారు? జవాబుకు పది పదిహేను సెకన్లు. ఆలోచించుకోవడానికి ఆగినవాడి ముందు నుంచి మైకు పక్కవాడి దగ్గరకు పోతుంది. ఈ పద్ధతిలో కామెడీ సినిమా నెగ్గుతుంది, ఫైట్ల సినిమా నెగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు మనసులో కూడుకునే సినిమాకి అక్కడ మాటలు దొరకవు. "కొత్తగా ట్రై చేశారు", "కొంచెం కన్‌ఫ్యూజన్", "నాకు నచ్చింది గానీ అందరికీ కనెక్ట్ కాకపోవచ్చు". ఈ మూడో మాటను గమనించాలి. అన్నవాడికి అర్థమైంది. అర్థం కానివాడు అతని ఊహలో ఎక్కడో ఉన్నాడు, బహుశా ఏదో చిన్న ఊళ్లో. ఆ ఊళ్లో ఉన్నవాడు ఫోన్‌లో ఇది చూసి టికెట్ మానేస్తాడు, సోమవారానికి కలెక్షన్ పడిపోతుంది. సి సెంటర్‌లో ఎక్కలేదన్న పాత మాటకు మరో రుజువు దొరికినట్టవుతుంది. చూడనే చూడని మనిషి మీద వేసిన తీర్పు అది. అమెరికా ప్రీమియర్ల టాక్ హైదరాబాద్‌లో తెల్లవారేసరికే ఫోన్లలో దిగిపోయి ఉండటంతో, పొద్దుటి ఆటకు వెళ్లేవాడు కూడా ఖాళీ మనసుతో వెళ్లడం లేదు.

పిలుపు తప్పితే ఏమవుతుందో 2014 సంక్రాంతి చూపించింది. ఆ జనవరి 10న సుకుమార్ దర్శకత్వంలో మహేష్ బాబు నటించిన 1 నేనొక్కడినే విడుదలైంది. కథానాయకుడు రాక్ స్టార్. తల్లిదండ్రులను చంపినవాళ్ల కోసం వెతుకుతుంటాడు. కానీ అతనికి కనిపించేదంతా నిజం కాదు. అతను చేశానని ఒప్పుకున్న హత్య అసలు జరగనే లేదని తేలుతుంది. హీరో కళ్లను నమ్మి కూర్చోవడం మీదే నడిచే పరిశ్రమలో, హీరో కళ్లనే నమ్మవద్దన్న సినిమా అది. ధైర్యమైన పని. కానీ పండగ వారం ఎవరు వస్తారు? ఊరి నుంచి దిగిన అత్తామామలు, పిల్లలు, బావమరుదులు, ఇంటిల్లిపాదీ కలిసి వస్తారు. నవ్వుకుని, పాటలకు ఊగి, ఇంటికెళ్లి అరిసెలు తినాలనుకునే గుంపు. ప్రచారం కూడా స్టార్ సినిమా ప్రచారమే. విందుకు రమ్మని పిలిచి పొడుపు కథ వేసినట్టయింది. మొదటి రోజే డివైడ్ టాక్ వచ్చింది, విడుదలయ్యాక నిడివి తగ్గించారు. తర్వాతి ఏళ్లలో టీవీలో, యూట్యూబ్‌లో తీరిగ్గా చూసినవాళ్లు దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు. కథ మారలేదు, ప్రేక్షకుడి బుర్ర పెరగలేదు. పిలుపు మారింది. పండగ కోసం కాకుండా ఆ సినిమా కోసమే కూర్చున్నవాడికి అది వేరేలా కనిపించింది.

ఇది తెలుగువాళ్ల జబ్బేమీ కాదు. రిడ్లీ స్కాట్ తీసిన బ్లేడ్ రన్నర్‌ను 1982లో విడుదలకు ముందు డెన్వర్, డాలస్ నగరాల్లో జనానికి చూపిస్తే చాలామంది గందరగోళపడ్డారు. నిర్మాణ వర్గం భయపడి హీరో గొంతుతో వివరణ చెప్పించింది, చివర్లో ఆశ కలిగించే ముగింపు అతికించింది. అయినా సినిమా అప్పట్లో ఆడలేదు. 1992లో వివరణ, అతుకు తీసేసిన రూపం వచ్చింది, 2007లో దర్శకుడు పూర్తిగా ఒప్పుకున్న రూపం వచ్చింది. దాని నాయకుడు మనిషా, మనిషిలా తయారు చేసిన కృత్రిమ జీవా అన్న ప్రశ్న మీద దర్శకుడు ఒకటంటే, ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ ఏళ్ల తరబడి ఇంకొకటన్నాడు. తీసినవాళ్లే ఏకాభిప్రాయానికి రాని కథ నలభై ఏళ్లుగా బతికే ఉంది. విప్పి చెబితే జనం వస్తారన్న ఆశ మాత్రం మొదటి వారమే చచ్చిపోయింది.

హైదరాబాద్ ప్రేక్షకులు అనే ఒకే ముద్ద కూడా లేదని గుర్తుంచుకోవాలి. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస విలన్‌కో కమెడియన్‌కో దక్కేది. ఆ సీనుకి ఒకే హాల్లో నవ్వు పుట్టేది. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండే కుర్రాడికి అది సరదా. పక్క సీట్లో వరంగల్ నుంచి వచ్చినవాడికి అది తన ఇంట్లో అమ్మ మాట్లాడే మాట. ఇద్దరూ నవ్వి ఉండొచ్చు కూడా. ట్రేడ్ లెక్కలో అది ఒకటే నవ్వు. 2017లో ఫిదాలో బాన్సువాడ అమ్మాయి అదే యాసలో కథానాయికగా నిలబడేసరికి ఆ రెండో ప్రేక్షకుడు ఎంత కాలంగా కాచుకుని ఉన్నాడో తెలిసింది. ప్రేక్షకులను మాస్, క్లాస్, యూత్, ఫ్యామిలీ అని విడగొట్టే పట్టికలో ఈ గీత ఎక్కడా లేదు. వ్యాఖ్యానాన్ని నిజంగా మార్చే గీతలు మాత్రం ఇలాంటివే: ఏ ఊరు, ఏ యాస, ఏ కులం, ఇంట్లో ఎవరు ఎవరి మాట వింటారు.

ఓటీటీ వచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. కోవిడ్ రోజుల్లో ఇంట్లో కూర్చుని సబ్‌టైటిల్స్‌తో మలయాళ సినిమాలు చూడటం హైదరాబాదీలకు అలవాటైంది. వెనక్కి తిప్పి చూసే వీలు, వినపడకపోతే చదువుకునే వీలు, ఆపి మాట్లాడుకునే వీలు వచ్చాయి. ఏం జరిగిందో చెప్పని కథలతో ఉన్న ఇబ్బందిలో సగం ఇక్కడే తీరిపోయింది. దాంతోపాటే "క్లైమాక్స్ వివరణ" వీడియోలు పుట్టుకొచ్చాయి. వీటిని తీసిపారేయడం సరికాదు. మనకు అందని గుర్తు ఒకటి ఇంకొకరు పట్టి చూపిస్తే సంతోషమే. చిక్కు ఎక్కడంటే, వాటిలో చాలావరకు "దర్శకుడు చెప్పింది ఇదే" అని తాళం వేసేస్తాయి. సినిమా ముగిసిన రెండో నిమిషంలో ఫోన్ తీసి జవాబు వెతికేవాడికి, ఇంటర్వెల్లో పందెం వేసుకున్న ఇద్దరికి దొరికిన ఆనందం దొరకదు. నీకేమనిపించింది అని ఇంట్లోవాళ్లను అడగక ముందే జవాబు వచ్చి కూర్చుంటుంది.

ఈ మధ్య హైదరాబాద్‌లో చిన్న సినిమాలకు విడుదలకు ఒకటి రెండు రోజుల ముందే పెయిడ్ ప్రీమియర్లు వేస్తున్నారు. తేల్చకుండా వదిలే కథకు ఇంతకంటే మంచి దారి ప్రస్తుతానికి కనపడటం లేదు. హీరో కోసమో పండగ కోసమో కాకుండా ఆ సినిమా కోసమే డబ్బు పెట్టి వచ్చేవాళ్లు ముందు చూస్తారు, వాళ్ల మాట మైకు కంటే ముందు బయటికి పోతుంది. ట్రైలర్‌లోనూ దాపరికం అక్కర్లేదు. ఈ కథలో ఒక విషయం మీకే వదిలేస్తున్నామని మొదటి పోస్టర్ నుంచే తెలిసేలా చెప్పొచ్చు. పాటలు, ఫైట్లు కోసి అతికించి మామూలు కమర్షియల్ సినిమాలా కనిపించేట్టు చేస్తే మొదటి రోజు వసూళ్లు కాస్త పెరుగుతాయేమో గానీ రెండో రోజు ఆ కోపమంతా సినిమా మీదే పడుతుంది. ఇంకొకటి, ఆ ప్రీమియర్లన్నీ గచ్చిబౌలి, కూకట్‌పల్లి మల్టీప్లెక్సుల్లోనే పెట్టి, వచ్చిన టాక్‌ను రాష్ట్రమంతటికీ అంటగట్టకూడదు. జగిత్యాలలో ఒక ఆట, మిర్యాలగూడలో ఒక ఆట వేసి, జనం బయటికొచ్చాక రేటింగ్ అడగకుండా, ఆ మనిషి చివరికి ఏమయ్యాడనుకుంటున్నారని అడిగి వినాలి.